డ్రిల్లు మాస్టారి గురుపరంపర

మా డ్రిల్లు మాస్టారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. షూ లేసులు కట్టుకుంటూ కుర్చీలో అలా వెనక్కి వాలారు, అంతే," అంది. ఆ అమ్మాయి నర్సు. ఎన్ని చావులు చూసిందో ఏమో, గొంతు వణక్కుండా చెప్పింది. నేనే ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి బావురుమన్నాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్కరోజు కూడా మంచాన పడకుండా వెళ్ళిపోయారు, అంతకన్నా ఏం కావాలి అని సమాధి దగ్గర అందరూ అన్నారు. నాకు మాత్రం ఇంకో పదేళ్ళు కావాలనిపించింది. నాది దురాశే, కాదనను.

ఆయన నాకు చుట్టం కాదు. నాకు బళ్ళో చదువు చెప్పినవారూ కాదు. బందరులో ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లల చేత డ్రిల్లు చేయించి, రిటైరై, భార్య పోయాక శాంటా క్లారాలో కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు ఈ దేశంలో ఒక రకం యోగా ఊరూరా పాకుతోంది, మీరూ చూసే ఉంటారు. ఒక ఆసనం దగ్గర ఆగిపోకుండా, ఊపిరితో పాటు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతూ చేస్తారు. మా వైపు దాన్ని మొదట్లో నేర్పిన నలుగురైదుగురిలో మా మాస్టారొకరు. అది ఎక్కడ పుట్టిందని అడిగినవాళ్ళకి నేనొక పెద్ద అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని ఆయన నా నోటితోనే దిద్దించారు. ఈ నాలుగు మాటలూ దాని గురించే.

పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిది వేసవిలో వాళ్ళూ నేనూ ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఉండేవాళ్ళం. ఒక శనివారం పొద్దున నేను బట్టల బుట్ట పట్టుకుని లాండ్రీ రూముకి పోతున్నాను. స్విమ్మింగ్ పూల్ పక్క గడ్డిలో ఖాకీ నిక్కరు, తెల్ల బనీను వేసుకుని ఒక పెద్దాయన దండీలు తీస్తున్నారు. ఒకటా రెండా! ఛాతీ నేలకి రాసుకుంటూ ముందుకి పాకుతోంది, నడుము లేస్తోంది, మళ్ళీ వెనక్కి. గట్టున నిలబడి ఒక అమెరికన్ ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆవిడ మూడు నెలలు మైసూరులో ఉండి ఈ రకం యోగా నేర్చుకుని వచ్చిందట, ఊరి చివర పళ్ళు ఎండబెట్టే పాత షెడ్డొకటి అద్దెకి తీసుకుని, దాన్ని హాలుగా మార్చి క్లాసులు నడుపుతోందట. మేం ఆవిణ్ణి హాలావిడ అనేవాళ్ళం. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, "ఈయన్ని అడుగు, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు," అంది.

అడిగాను. మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "మా బందర్లో తాలీంఖానా ఉండేదమ్మా. అక్కడ ఉస్తాదు నేర్పాడు. కుస్తీకి దిగే ముందు వందేసి తీయించేవాడు. తియ్యకపోతే అన్నం లేదు," అన్నారు.

మీరే చెప్పండి, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పడానికి ఏమైంది నాకు? అసలు సంగతి వినండి. అప్పటికి నేను వచ్చి ఏడాదైంది. మైక్రోస్కోపు కింద చిప్పులు పరీక్షించే పని నాది. ఆఫీసులో లంచ్ టైములో మీ దేశంలో రోడ్ల మీద పాములు తిరుగుతాయా అని అడిగేవాళ్ళు. సూపర్‌మార్కెట్లో నా ఇంగ్లీషు అర్థం కానట్టు మొహం పెట్టేవాళ్ళు. అలాంటిది మొట్టమొదటిసారి ఒక అమెరికన్ మనిషి నా మొహంలోకి భక్తిగా చూసింది. ఆ చూపుకి నా కాళ్ళు నేల మీద ఆగలేదు. "చిన్నతనంలో ఒక ఋషి దగ్గర నేర్చుకున్నారట. ఐదు వేల ఏళ్ళ విద్య," అనేశాను. ఆవిడ రెండు చేతులూ జోడించింది. మాస్టారు ఆవిడ చేతులు చూసి, ఎందుకో అర్థం కాక, సెల్యూట్ కొట్టారు.

ఆయనకి వచ్చిన ఇంగ్లీషు మైదానంలో పిల్లలకి కమాండ్లు ఇచ్చేంత. అచ్చులో ఉంటే మెల్లగా చదువుకునేవారు. ఈ దేశపు యాసకి తోడు కుడి చెవి కూడా సరిగా పనిచేసేది కాదు. అందుకని హాలావిడ ఆయన్ని క్లాసుకి పిలిచినప్పుడు నేనే దుబాసీనయ్యాను. వారానికి రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున. వాళ్ళతో పాటు నేనూ ఒక చాప పరుచుకుని, నొప్పెట్టే నడుముతో తంటాలు పడేదాన్ని. ఆయన ఒకటంటే నేను పదనేదాన్ని. "ఇది మాకు కోర్సులో నేర్పారు," అంటే "ఇది గురువు శిష్యుడి చెవిలో చెప్పే రహస్యం" అయ్యేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు చూడండి, నాకు ఏకంగా ఇరవైమంది దొరికారు.

ఆయనకి మాత్రం గురువు వేషం ఏ కోశానా పట్టలేదు. మెడలో విజిల్, చేతిలో అటెండెన్స్ రిజిస్టరు. గడ్డాలు పెంచుకుని పూసల దండలు వేసుకున్న మగవాళ్ళని వరసలో నిలబెట్టి గోళ్ళు చూసేవారు. ఎవరో కాళ్ళకి దండం పెట్టబోతే, "ఎలాగూ వంగావు గదా నాయనా, అట్నుంచే అరచేతులు కింద పెట్టు," అన్నారు. అగరొత్తులు వెలిగిస్తే ఊరుకునేవారు కాదు. "పొగ పెట్టి ఊపిరి పీల్చమంటే ఎట్లాగమ్మా? తీసెయ్యండి, తీసెయ్యండి." మొదలుపెట్టే ముందు ఒక మూలకి పోయి కళ్ళు మూసుకుని నిమిషంపాటు ప్రార్థన చేసుకునేవారు. ఏ మంత్రమని వాళ్ళు నన్నడిగేవాళ్ళు. ప్రభువా, ఎవరి మెడా పట్టెయ్యకుండా చూడు, ఇదీ ఆ మంత్రం.

ఊపిరి ముందు నడవాలి, ఒళ్ళు వెనక రావాలి అని ఎన్నిసార్లు అనేవారో లెక్కలేదు. ఎవరైనా ఆయాసపడుతూ చేస్తే విజిల్ ఊది ఆపేసి, "బస్సు పోతందా? ఇంకోటి వస్తది, కూచో," అనేవారు. ఆదివారం మధ్యాహ్నాలు మన తెలుగు క్రైస్తవులు ఒక అమెరికన్ చర్చిలో హాలు అడిగి తీసుకుని ఆరాధన చేసుకునేవారు. అక్కడ ఒక పెద్దమనిషి ఆయన్ని పట్టుకుని, "ఏంటి మాస్టారూ, సూర్యుడికి నమస్కారాలు చేయిస్తున్నారంట? వాక్యం ఒప్పుకుంటదా?" అన్నాడట. "సూర్యుడికి కాదయ్యా, నా నడుముకి చేస్తన్నా. అరవై తొమ్మిదొచ్చినా కూలిపోకుండా నిలబెట్టినందుకు," అన్నారట. వాళ్ళమ్మాయి ఈ కబురు చెప్పినప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. క్లాసు పెరిగింది. హాలావిడ టీచర్లని తయారుచేసే కోర్సు పెడదామనుకుంది. మూడు మడతల రంగు కాగితం అచ్చు వేయించింది. మధ్యలో మాస్టారి ఫోటో, దాని కింద హిమాలయాల్లోని ఋషి శిష్యులు అనీ, ఐదు వేల ఏళ్ళుగా తెగని గురుపరంపర అనీ. అది చూసి నేనూ మురిసిపోయాను సుమండీ. అబద్ధం అచ్చులో ఎంత అందంగా ఉంటుందో!

ఆ సాయంత్రమే మాస్టారు మా తలుపు కొట్టారు. చేతిలో ఆ కాగితం. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి ఆ ముక్క నాకు చదివి వినిపించారు. పైకి వినేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

"హిమాలయాలు నేనెప్పుడు చూశానమ్మాయ్? బందరు దాటి ఉత్తరాన నేను పోయింది రాజమండ్రి వరకే. అదీ ఫుట్‌బాల్ టీముతో."

"ఏదో వాళ్ళకి నచ్చుతుందని అలా చెప్పాను మాస్టారూ. మంచికే కదా," అన్నాను.

"మా ఉస్తాదు ఏడీ ఇందులో?"

ఆయన లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నాలుగేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పారు. బందరులో వాళ్ళ పేట పక్కనే ఊళ్ళోవాళ్ళ వ్యాయామశాల ఉండేదట. పదేళ్ళప్పుడు గోడ పగుల్లోంచి చూసి చూసి, ఒకరోజు ధైర్యం చేసి గేటు దాటారట. పేట పిల్లాడు మట్టి తొక్కాడని అప్పటికప్పుడు తరిమి, ఆ చోట నీళ్ళు చల్లుకున్నారట. ఏడ్చుకుంటూ పోతుంటే తాలీంఖానా ముందు మంచం వేసుకుని కూర్చున్న ఉస్తాదు పిలిచాడట. సాయిబు, ముసలి పహిల్వాను. ఏమైందని అడిగి, చొక్కా విప్పమని, పిడికెడు ఎర్రమట్టి తీసి తనే పిల్లాడి భుజాలకి రాశాడట.

"ఇంట్లోవాళ్ళు కాకుండా నా ఒంటి మీద చెయ్యేసిన మొదటి మనిషమ్మా ఆయన. ఆయన్ని తీసేసి ఋషిని పెట్టావు. పోనీ ఆ ఋషి నిజంగా ఉన్నాడే అనుకో. నన్ను గడప తొక్కనిచ్చేవాడా?"

మాది గుడివాడ పక్కన పల్లె. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పాలి. పేటవాళ్ళు మా వీధిలోకి వస్తే చెప్పులు చేత్తో పట్టుకునే రావాలి, చిన్నప్పుడు అది నేను కళ్ళారా చూసినదే. నేను తీసేసింది ఏదో ఒక ముసలాయన పేరు కాదని, ఒక పిల్లాడి భుజం మీద పడిన మొదటి చెయ్యని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆయన ఏడవనివ్వలేదు. "శనివారం క్లాసులో నిలబడి చెప్పు. నువ్వే ముడేశావు, నువ్వే విప్పు," అన్నారు.

"క్లాసు పోతుంది మాస్టారూ. ఆవిడ కోర్సు పోతుంది. మీ మీద ఉన్న గౌరవం పోతుంది."

"పోతే పోనీ. క్లాసు లేనప్పుడూ పొద్దున్నే లేచేవాణ్ణి, రేపూ లేస్తాను. లేని గౌరవం మోసుకు తిరగడం నావల్ల కాదు."

శనివారం వచ్చింది. ఇరవై నాలుగు మంది చెక్కనేల మీద కూర్చున్నారు. ముందుగా, ఇన్నాళ్ళూ నేను చెప్పినదాంట్లో సగం నా సొంత కవిత్వం అన్నాను. తరవాత ఆయన ఒక్కో కదలిక చేసి చూపిస్తూ తెలుగులో చెప్పారు, నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఛాతీ నేలకి రాసే దండీ తాలీంఖానా ఉస్తాదుది. చేతుల మీద బరువు ఆన్చి కాళ్ళు వెనక్కి ఎగరేయడం, వర్షాలకి బందరులో చిక్కుబడిపోయిన సర్కస్ కంపెనీ మనిషి ఒకాయన నేర్పినది. లెక్కకి సరిగ్గా అందరూ ఒకే లయలో వంగి లేవడం మద్రాసులో ఆరు నెలల డ్రిల్లు కోర్సులోది, అది డెన్మార్క్ దేశపు కసరత్తు అని అక్కడ చెప్పారట. వరసగా చేసే నమస్కారాలు మరాఠా దేశంలో ఒక రాజుగారు బళ్ళల్లో పెట్టించగా స్కౌటు మాస్టర్ల ద్వారా ఇటు దిగినవి. ఒక్కో కదలికకి ఒక్కో ఊపిరి కట్టడం మాత్రం మైసూరుది. అక్కడ మహారాజుగారి కోటలో పిల్లలకి నేర్పే ఒక గురువుగారి దగ్గర నేర్చుకున్న కుర్రాడు ఆ మద్రాసు కోర్సులో ఈయన పక్క మంచం మీద పడుకునేవాడట. అతను చెప్పగా పట్టుకున్నారట.

పూసల దండ వేసుకున్న వడ్రంగి ఒకతను ఉండేవాడు. అతను చెయ్యెత్తి, "అయితే ఇందులో పాతది ఏదీ లేదా?" అని అడిగాడు. మొహం చూస్తే జాలేసింది.

"కూర్చోడం పాతది. ఊపిరి చూసుకోడం పాతది. ఇట్టా గెంతడం మా నాన్న కాలం నాటిది," అన్నారు మాస్టారు. "అందుకేం? పులుసులో చింతపండు ఒక ఊరిది, మిరపకాయ ఇంకో ఊరిది. తిన్నాక కడుపు నిండిందా లేదా?"

ఇంగ్లీషులో పులుసుని ఏమంటారో నాకు తెలీలేదు. సూప్ అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఏడుగురు లేచి వెళ్ళిపోయారు. అందరికన్నా ముందు వెళ్ళిపోయింది హాలావిడ. అచ్చేసిన కాగితాల పెట్టె ఆవిడ చంకలో ఉంది. తలుపు ధడేలుమని వేసిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. మాస్టారు ఆ తలుపు వైపు ఒకసారి చూసి, రిజిస్టరు తెరిచి, మిగిలిన పదిహేడుమందికి హాజరు పిలిచారు.

నాలుగు రోజులు ఆవిడ జాడ లేదు. ఐదో రోజు మా ఇంటికి వచ్చి, మైసూరులో రాసుకున్న నోటుపుస్తకం నా ముందు పడేసింది. "నేను అక్కడ కోట చూడ్డానికి వెళ్ళాను. కసరత్తుల గది చూశాను. గోడలకి తాళ్ళు, ఇనప కమ్మీలు. ఇది రాజుగారి పిల్లల జిమ్నాస్టిక్స్ గది అని కాపలా మనిషి చెప్పాడు కూడా. ఇదిగో, రాసుకున్నాను. ఇంకేమీ అడగలేదు. అడగాలనిపించలేదు," అంది. అబద్ధం ఆడిన నోరు నాదైతే, అది కావాలని ఒగ్గిన చెవి ఆవిడది. ఇద్దరం టీ తాగాం. ఆవిడ ఆ కాగితాలన్నీ చెత్తలో పారేసి, కోర్సు మానకుండా కొత్తవి వేయించింది. ఫోటో కింద ఈసారి ఉన్నది ఒక్కటే ముక్క: బందరు డ్రిల్లు మాస్టారు.

నిజం చెప్పాక క్లాసు మూతపడలేదు. మెల్లగా మళ్ళీ నిండింది. వడ్రంగి రెండు వారాల తరవాత గొణుక్కుంటూ తిరిగొచ్చాడు, పూసలు లేకుండా. అప్పటినుంచి మాస్టారు కొత్త అలవాటొకటి పెట్టారు. ఏ కదలిక చేయించినా చివర్న అది ఎవరిదో చెప్పాల్సిందే. "ఇది ఉస్తాదుది." "ఇది సర్కసాయనది." అమెరికన్లంతా ఉస్తాద్ అని ఒత్తి పలుకుతుంటే ఆయన మొహంలో వచ్చే వెలుగు నేనెలా చెప్పను! ఇంత సంబరం ఏ అవార్డుకీ ఉండదు. కొత్తవాళ్ళెవరైనా ఇది ఎక్కడి విద్య అని అడిగితే జవాబు చెప్పే పని నాకే అప్పగించారు. శిక్ష అనుకోండి, వరం అనుకోండి, ఐదేళ్ళుగా అదే నా ఉద్యోగం.

సమాధి కార్యక్రమం అయిన తరవాతి సోమవారం క్లాసు మానేద్దామా అని హాలావిడ అడిగితే, మానితే ఆయన రిజిస్టర్లో ఆబ్సెంట్ వేస్తారు, వద్దన్నాను. వెళ్ళాం. ఆ రోజే కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన మన తెలుగు పిల్ల, కాలేజీలో చదువుతోంది, సగం క్లాసయ్యాక నన్నడిగింది. "ఆంటీ, ఇది వేదాల్లోంచి వచ్చిందా? మా మమ్మీ అలాగే చెప్తుంది."

"కాదమ్మా," అని మొదలుపెట్టాను. ఉస్తాదు దగ్గర్నుంచి మైసూరు కుర్రాడి దాకా వరసగా చెప్పాను. "వీటన్నిటినీ కలిపి మాకు ఇచ్చింది బందరు డ్రిల్లు మాస్టారు. ఇక్కడికి రెండు మైళ్ళ దూరంలో ఉండేవారు. పోయిన వారమే పోయారు," అన్నాను.

"ఆయన కలిపారు, ఓకే. ఆయన ఓన్‌గా ఏం యాడ్ చేశారు?" అంది ఆ పిల్ల.

అన్నీ ఎవరెవరివో చెప్పిన మనిషి తనదని ఒక్కటీ చెప్పలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పాలని, చెప్పొద్దూ, పాత బుద్ధి ఒక్క క్షణం లేచింది కూడా. ఈలోగా పిల్ల మొహం చూసి, ఏమడిగిందని హాలావిడ నన్నడిగింది. చెప్పాను.

"మోకాలు," అంది ఆవిడ. "దండీ నుంచి లేచే ముందు మోకాళ్ళు కింద పెడతాం కదా, అది ఆయనది."

"అది ఉస్తాదుది కాదూ?"

"కాదు. నీకు తెలీదా? నువ్వు మైక్రోస్కోపు మీద వంగి పనిచేసే రోజుల్లో నీ నడుము పట్టేసేది. లేవలేక నేల మీద ఉండిపోయేదానివి. ఒకరోజు నువ్వు వెళ్ళిపోయాక ఆయన నా దగ్గరికొచ్చారు. నువ్వు లేవుగా, మాట చెప్పడానికి ఎవరూ లేరు. నీ చాప చూపించారు, తన నడుము పట్టుకున్నారు, మోకాలు నేలకి ఆనించి చూపించారు. సరే, ఆమెని అలా చెయ్యమంటాను అన్నాను. గట్టిగా తల అడ్డంగా ఊపి కాదన్నారు. గదంతా చెయ్యి తిప్పి, ఎవ్రీబడీ అన్నారు. నువ్వొక్కదానివే చేస్తే సిగ్గుపడతావని."

ఆ నడుం నొప్పి పోయి ఆరేళ్ళయింది. ఆయన బాగుచేసిన ఆ నడుముతోనే నిలబడి ఆయన ఉస్తాదుని నేను చెరిపేసిన సంగతి, అది తెలిశాక కూడా ఆయన ఆ మోకాళ్ళ కదలిక తీసెయ్యని సంగతి, రెండూ ఒక్కసారే తగిలాయి. హాలావిడ ఇంకేమీ అనలేదు. వెళ్ళి ముందు నిలబడి చెయ్యెత్తింది. అందరం ఊపిరి పీల్చుకుని కిందికి దిగాం. ఛాతీ నేలకి రాసింది. లేచే ముందు, ఆ కొత్త పిల్లతో సహా గదిలో ఉన్న అందరి మోకాళ్ళూ ఒక్కసారే చెక్కనేలకి ఆనాయి.